కాగితం మీద చెమట: కనబడని వేలిముద్రల రసాయనం

చోరీ జరిగిన మర్నాటి పత్రికలో "క్లూస్ టీం ఘటనాస్థలికి చేరుకుని వేలిముద్రలు సేకరించింది" అన్న వాక్యం దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది. డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పే నాకు, ఆ "సేకరించింది" అన్న మాటలో ఇమిడివున్న పని మీద ఎప్పటి నుంచో మక్కువ. బ్రష్షుతో పొడి అద్ది, టేపుతో ఎత్తడం మనమంతా టీవీలో చూసినదే. గాజు పలక, రంగు వేసిన బీరువా తలుపు వంటి నునుపైన వాటి మీద, ముద్ర తాజాగా ఉన్నప్పుడు, ఆ పద్ధతి నేటికీ చక్కగా పనిచేస్తుంది. అయితే బెదిరింపు ఉత్తరం, ఫోర్జరీ దస్తావేజు, ప్లాస్టిక్ సంచి, వానలో తడిసిన కవరు వంటివి చేతికి వచ్చినప్పుడు పొడి వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. అక్కడ రసాయనాలు రంగంలోకి దిగాలి. ఆ రసాయనాల పేర్లు తెలిసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదనీ, ఏది ముందు వాడాలి, ఏది తరువాత వాడాలి అన్న క్రమంలోనే ఈ విద్య అంతా ఉందనీ నా అభిప్రాయం. దాన్ని కొంచెం వివరంగా రాయాలని ఈ ప్రయత్నం.

మొదట ముద్రలో ఏముంటుందో చూడాలి. అరచేతిలోనూ వేళ్ల లోపలి వైపునా నూనె గ్రంథులు ఉండవు. అక్కడ ఉన్నవన్నీ స్వేదగ్రంథులే. వేలికొన మీద ఉబ్బెత్తుగా ఉండే ప్రతి గీత వెంబడీ సన్నని రంధ్రాలు వరుసగా తెరుచుకుని ఉంటాయి. వాటి నుంచి వచ్చే చెమటలో 98 శాతానికి పైగా నీరే. మిగిలిన కొద్ది భాగంలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా, అమైనో ఆమ్లాలు ఉంటాయి. అమైనో ఆమ్లాలలో సెరీన్‌ది అగ్రస్థానం. దీనికి తోడు మనం మాటిమాటికీ ముఖం తుడుచుకుంటాం, జుట్టు సవరించుకుంటాం కాబట్టి అక్కడి జిడ్డు కూడా వేళ్లకు అంటుకుంటుంది. స్క్వాలీన్, కొవ్వు ఆమ్లాలు, మైనం వంటి ఎస్టర్లు ఆ దారిలోనే వేలిముద్రలోకి వస్తాయి. అందుకే ఒకే మనిషి పొద్దున స్నానం చేసి వచ్చి వేసిన ముద్రకూ, మధ్యాహ్నం నుదురు తుడుచుకుని వేసిన ముద్రకూ రసాయనికంగా తేడా ఉంటుంది.

ఈ పదార్థాలు అన్నీ ఒకే తీరున నిలవవు. గాజు మీద పడిన ముద్ర పైపొరగానే ఉండిపోతుంది. నీరు ఆరిపోయాక ఉప్పూ జిడ్డూ మిగులుతాయి. కాగితం మీద పడిన ముద్ర లోపలికి ఇంకుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఉప్పు కాగితంలో పక్కలకు పాకి గీతల అంచులను చెరిపేస్తుంది. అమైనో ఆమ్లాలు మాత్రం కాగితంలోని సెల్యులోజ్ అనే నారను గట్టిగా పట్టుకుని, పడిన చోటనే ఉండిపోతాయి. కాగితం తడవకుండా ఉంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. దశాబ్దాల నాటి కాగితాల మీద కూడా స్పష్టమైన ముద్రలు బయటపడటానికి కారణం ఇదే.

ముద్ర అంటే గీతల బొమ్మ కావడానికి ముందు ఒక పదార్థం అని నాకు బాగా తెలియజెప్పిన ఉదాహరణ ఒకటి ఉంది. 1990లలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాక్స్‌విల్ పోలీసు శాఖకు చెందిన వేలిముద్రల నిపుణుడు ఆర్ట్ బొహానన్, పిల్లలు కచ్చితంగా ఎక్కారని తెలిసిన కార్లలో కూడా వారి వేలిముద్రలు దొరకకపోవడం గమనించి, ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలోని శాస్త్రవేత్తల సాయం కోరాడు. యుక్తవయసు రాని పిల్లల చర్మం మీద పెద్దలలో ఉన్నంత జిడ్డు ఉండదు. వారి ముద్రలలో త్వరగా ఆవిరైపోయే తేలికపాటి కొవ్వు ఆమ్లాల వాటా ఎక్కువగా ఉంటుందనీ, పెద్దల ముద్రలలో బరువైన ఎస్టర్లు ఎక్కువ కాబట్టి అవి నిలుస్తాయనీ ఆ పరిశీలనలో తేలింది. వేసవి ఎండలో నిలిపిన కారులో పసివాడి ముద్ర త్వరగా మాయమవుతుంది, ఎత్తుకుపోయినవాడి ముద్ర మిగులుతుంది. ఈ సంగతి చదివినప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పాత పద్ధతులలో అయొడిన్ ఆవిరి ఒకటి. కొద్దిపాటి వేడికే అయొడిన్ స్ఫటికాలు ఊదారంగు ఆవిరిగా మారుతాయి. ఆ ఆవిరి ముద్రలోని జిడ్డులోకి చేరి, గీతలను గోధుమరంగులో చూపిస్తుంది. అయితే కాసేపటికే అది తిరిగి ఎగిరిపోతుంది, రంగు వెలిసిపోతుంది. ఫోటో వెంటనే తీయాలి, లేదా పిండిపదార్థపు ద్రావణం వంటిదానితో నిలపాలి. లోపంలా కనిపించే ఈ గుణమే ఒక మేలు కూడా, ఎందుకంటే అయొడిన్ వెళ్లిపోయాక వస్తువు దాదాపు యథాస్థితికి వస్తుంది, తరువాతి పద్ధతులకు దారి మూసుకుపోదు.

సిల్వర్ నైట్రేట్ దారి వేరు. అది చెమటలోని క్లోరైడుతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. దాని మీద వెలుతురు పడితే వెండి కణాలు విడివడి నల్లబడతాయి. ఈ చర్య మనలో ఓటు వేసిన ప్రతివారి చూపుడు వేలి మీదా జరిగినదే. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి వాడుతున్న చెరగని సిరాలో ఉన్నది సిల్వర్ నైట్రేటే. చర్మం మీది ఉప్పుతో కలిసి, ఎండ తగిలి, వేలికి ఆ ముదురు మచ్చను తెచ్చేది అదే. తేడా ఏమిటంటే, అక్కడ వేలి మీద మచ్చ పడుతుంది. ఇక్కడ వేలు వదిలిపోయిన ఉప్పు నల్లబడుతుంది.

సిల్వర్ నైట్రేట్ పేరు వింటే లిండ్‌బర్గ్ కేసు గుర్తుకు వస్తుంది. 1932 మార్చి 1న అమెరికాలోని న్యూజెర్సీలో, విమానయానంలో జగద్విఖ్యాతుడైన చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డను మేడ మీది గది నుంచి ఎత్తుకుపోయారు. చేతితో తయారుచేసిన కర్ర నిచ్చెన ఒకటి అక్కడ దొరికింది. పాలిష్ లేని పచ్చి కర్ర మీద పొడి పనిచేయదు. న్యూయార్క్‌కు చెందిన వైద్యుడు ఎరాస్టస్ మీడ్ హడ్సన్ ఆ నిచ్చెనకు సిల్వర్ నైట్రేట్ పట్టించి వందలాది ముద్రల ముక్కలను బయటికి తెచ్చాడు. 1935లో నిందితుడు బ్రూనో హాప్ట్‌మన్ మీద విచారణ జరిగినప్పుడు, వాటిలో ఒక్కటి కూడా అతనిది కాదని హడ్సన్ ప్రతివాది తరఫున సాక్ష్యం చెప్పాడు. చేతిరాత, విమోచన ధనంగా ఇచ్చిన నోట్లు అతని దగ్గర దొరకడం, నిచ్చెన కర్ర మీద జరిగిన పరిశీలన ఆధారంగా జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. 1936 ఏప్రిల్ 3న మరణశిక్ష అమలైంది. ముద్ర కనబడకపోవడం అంటే ఏమిటి? ముట్టుకోలేదనా, చేతికి తొడుగు ఉందనా, ఉప్పు సరిపోలేదనా, తరువాత పట్టుకున్న పదిమంది చేతుల కింద చెరిగిపోయిందనా? రసాయనం ఉన్నదాన్ని చూపించగలదు. లేనిదానికి కారణం చెప్పలేదు. ఈ కేసు మీద వాదోపవాదాలు నేటికీ చల్లారలేదు.

ఇక కాగితం విషయానికి వస్తే నిన్‌హైడ్రిన్ గురించే ఎక్కువ చెప్పుకోవాలి. 1910లో కేంబ్రిడ్జ్‌లో పనిచేస్తున్న జర్మన్ సంతతి రసాయనశాస్త్రవేత్త సీగ్‌ఫ్రీడ్ రూహెమన్, వేరే పదార్థం తయారుచేయబోతే అనుకోకుండా ఇది తయారైంది. అమైనో ఆమ్లాలతో కలిస్తే ఇది ముదురు ఊదారంగు ఇస్తుందని ఆయనే గుర్తించాడు; ఆ రంగుకు నేటికీ రూహెమన్ ఊదా అనే పేరు. జీవరసాయనశాస్త్రంలో ఇది వెంటనే స్థిరపడింది. మన కళాశాలల్లో క్రొమటోగ్రఫీ (మిశ్రమంలోని పదార్థాలను పలక మీద విడదీసే పద్ధతి) ప్రయోగం చేసే విద్యార్థులకు మొదట చెప్పే జాగ్రత్త, పలకను అంచుల వద్దే పట్టుకోమని, లేకపోతే నిన్‌హైడ్రిన్ చల్లగానే మీ వేళ్లే కనిపిస్తాయని. అయినా నేర పరిశోధనకు దీన్ని వాడవచ్చని స్వీడన్ శాస్త్రవేత్తలు ఓడెన్, ఫాన్ హోఫ్‌స్టెన్ ప్రతిపాదించేసరికి 1954 వచ్చింది. పుట్టిన 44 ఏళ్ల తరువాత! అన్నాళ్లూ ఎన్ని ప్రయోగశాలల్లో ఎన్ని పలకల మీద వేలిముద్రలు ఊదారంగులో కనిపించి ఉంటాయో, వాటిని పాడైన ప్రయోగంగా ఎందరు పక్కన పడేసి ఉంటారో అని తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

ఈ చర్యలో నాకు అన్నిటికన్నా నచ్చే అంశం ఒకటుంది. అమైనో ఆమ్లం నిన్‌హైడ్రిన్‌తో కలిసినప్పుడు కార్బన్ డైఆక్సైడ్ విడిపోతుంది, ఒక ఆల్డిహైడ్ విడిపోతుంది, చివరికి అమైనో ఆమ్లానిదంటూ మిగిలేది ఒక్క నైట్రోజన్ పరమాణువు మాత్రమే. రెండు నిన్‌హైడ్రిన్ అణువులు ఆ నైట్రోజన్‌ను మధ్యలో ఉంచుకుని జతపడినప్పుడు ఊదారంగు పుడుతుంది. కాబట్టి చెమటలో ఉన్నది సెరీనైనా గ్లైసీనైనా రంగు ఒకటే. ప్రోలీన్ మాత్రం తన నిర్మాణం కారణంగా పసుపు రంగు ఇస్తుంది. ఎవరి చెమటలో ఏ అమైనో ఆమ్లం ఎంత పాళ్లలో ఉన్నా పద్ధతి అందరికీ పనిచేయడానికి ఇదే మూలం.

మా ప్రయోగశాలలో దీన్ని విద్యార్థులకు చూపించినప్పుడు, తెల్ల కాగితం మీద బొటనవేలు నొక్కించి, ద్రావణం పట్టించి, ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో చీకటిలో ఉంచుతాం. మొదట ఏమీ కనిపించదు. తరువాత అక్కడక్కడా గులాబీ ఛాయలో చుక్కలు మొదలవుతాయి. భూతద్దంతో చూస్తే అవి గీత పొడవునా ఉన్న స్వేదరంధ్రాల చోట్లు అని తెలుస్తుంది. చెమట ఎక్కడి నుంచి ఊరిందో అక్కడే అమైనో ఆమ్లం ఎక్కువ కాబట్టి అక్కడే రంగు ముందు పట్టుకుంటుంది. ఆ చుక్కలు ముదిరి, ఒకదానితో ఒకటి కలిసి, గీతగా సాగుతాయి. వేసవిలో గాలి బాగా పొడిగా ఉన్న రోజుల్లో ఇదంతా నత్తనడక నడుస్తుంది, ఎందుకంటే ఈ చర్యకు తేమ కావాలి. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో దీనికోసం సుమారు 80 డిగ్రీల వేడి, 65 శాతం వరకు తేమ ఉండే పెట్టెలు వాడతారు. అవి లేనిచోట ఇస్త్రీపెట్టె ఆవిరిని కాగితానికి కొంచెం పైన పట్టి పని కానిచ్చే అలవాటు కూడా ఉంది. ఊదారంగు శాశ్వతం కాదు. వెలుతురులో క్రమంగా వెలిసిపోతుంది. కొలత స్కేలు పక్కన పెట్టి వెంటనే ఫోటో తీయడం అందుకే అవసరం. రంగు మరీ పలుచగా వస్తే జింక్ లవణంతో నారింజకు మార్చి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచి, తగిన కాంతిలో మెరిపించి చూసే ఉపాయం కూడా ఉంది.

ద్రావణిని, అంటే రసాయనాన్ని కరిగించే ద్రవాన్ని, ఎంచుకోవడం కూడా చిన్న విషయం కాదు. అసిటోన్ వంటి ద్రావణి తగిలితే బాల్‌పెన్ సిరా అలుక్కుపోతుంది. ముద్ర దొరుకుతుంది గాని దస్తావేజు పోతుంది. సిరాను కదిలించని సీఎఫ్‌సీ-113 అనే ద్రావణిని చాలాకాలం వాడారు. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో అది వాడుక నుంచి తప్పుకోవలసి వచ్చినప్పుడు, వేలిముద్రల నిపుణులు హెచ్ఎఫ్ఈ-7100 వంటి ప్రత్యామ్నాయాలతో తమ ద్రావణాల తయారీ పాళ్లను మళ్లీ రూపొందించుకున్నారు. ఏటీఎం చీటీ వంటి థర్మల్ కాగితంతో మరో చిక్కు ఉంది. దాని పూత వేడికీ, కొన్ని ద్రావణులకూ నల్లగా మారిపోతుంది. మామూలు కాగితమనుకుని అదే ద్రావణంలో ముంచితే మొత్తం చీటీ నల్లబడి ముద్ర అందులో కలిసిపోతుంది.

1990 ప్రాంతంలో డీఎఫ్ఓ అనే రసాయనం, ఆ దశాబ్దం చివర ఇండేన్‌డయోన్ వచ్చాయి. ఇవి కూడా అమైనో ఆమ్లాలతోనే చర్య జరుపుతాయి గాని, వీటి బలం రంగులో కంటే ప్రతిదీప్తిలో, అంటే ఒక రంగు కాంతి పడితే మరో రంగులో వెలిగే గుణంలో, ఉంది. ఆకుపచ్చ కాంతి వేసి, నారింజ లేదా ఎర్ర ఫిల్టరు గుండా చూస్తే, మామూలు వెలుతురులో ఏమీ లేదనిపించిన కాగితం మీద గీతలు వెలుగుతూ కనిపిస్తాయి. డీఎఫ్ఓతో చర్య జరపకుండా మిగిలిన అమైనో ఆమ్లాన్ని తరువాత నిన్‌హైడ్రిన్ పట్టుకుంటుంది కాబట్టి, డీఎఫ్ఓ ముందు, నిన్‌హైడ్రిన్ తరువాత. తిరగేస్తే డీఎఫ్ఓ వల్ల ప్రయోజనం ఉండదు.

క్రమం అన్న మాటను ఇక్కడ నిలబెట్టి చెప్పాలి. బెదిరింపు ఉత్తరం ఒకటి వచ్చిందనుకుందాం. మొదట ఏ రసాయనమూ తగలకుండా వివిధ కోణాలలో, వివిధ కాంతులలో చూస్తారు. పై కాగితం మీద రాసినప్పుడు కింది కాగితం మీద పడిన కలం ఒత్తిడి జాడలు చూడాలన్నా, సిరాను పరీక్షించాలన్నా, అవి ద్రావణి తగలకముందే జరగాలి. డీఎన్ఏ కోసం దూదిపుల్లతో తుడవాలంటే, ఆ తుడుపు గీతలను చెరిపేస్తుంది. కనుక ఎక్కడ తుడవాలి, ఎక్కడ తుడవకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. ఆ తరువాత డీఎఫ్ఓ లేదా ఇండేన్‌డయోన్, పిదప నిన్‌హైడ్రిన్. అన్నిటికన్నా చివర ఫిజికల్ డెవలపర్ అనే వెండి ద్రావణం. దీనిలో వెండి అయాన్లు, ఇనుప లవణాలు అతి సున్నితమైన సమతూకంలో ఉంటాయి. నీటిలో కరగని ముద్ర అవశేషాల మీద వెండి కణాలుగా పేరుకుని గీతలను బూడిదరంగులో చూపిస్తుంది. నీళ్లలో తడిసిన కాగితం మీద అమైనో ఆమ్లాలు కొట్టుకుపోయి ఉంటాయి, కాబట్టి నిన్‌హైడ్రిన్ నిష్ఫలం. జిడ్డు మాత్రం మిగులుతుంది, అక్కడ ఈ పద్ధతే దిక్కు. కానీ నేటి కాగితాలలో సుద్ద కలుపుతారు. ముందుగా పలుచని ఆమ్లంలో ముంచి ఆ సుద్దను తొలగించకపోతే కాగితమంతా నల్లబడుతుంది. ఇన్ని స్నానాలు చేసిన కాగితం మీద మరే ఇతర పరీక్షకూ ఆశ ఉండదు. అందుకే ఇది చివరిది.

నునుపైన వస్తువుల దగ్గరికి వస్తే, మన ఇళ్లలో ఫెవిక్విక్‌గా తెలిసిన పదార్థమే పెద్ద సాధనం. దీని రసాయన నామం సయనోఅక్రిలేట్. 1970ల చివర జపాన్‌లోని సాగా ప్రిఫెక్చర్ నేర ప్రయోగశాలలో, వెంట్రుకల నిపుణుడు ఫుసెయో మత్సుమురా ఒక హత్య కేసు వెంట్రుకలను గాజు పలకకు ఈ జిగురుతో అంటిస్తుండగా, ఆ పలక మీద తన సొంత వేలిముద్రలు తెల్లగా తేలడం గమనించాడు. ఆ సంగతి వేలిముద్రల విభాగంలోని సహోద్యోగి మసాతో సోబాకు చెప్పాడు. అక్కడి నుంచి పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఈ జిగురు చర్మానికి క్షణంలో ఎందుకు అంటుకుంటుందో అదే కారణంతో ముద్రనూ చూపిస్తుంది: తేమ, చెమటలోని లాక్టేట్ వంటి అయాన్లు తగలగానే దాని అణువులు గొలుసులుగా అల్లుకుపోతాయి. మూసిన పెట్టెలో వస్తువును వేలాడదీసి, జిగురును వేడిచేసి, గాలిలో తేమను 80 శాతం దగ్గర ఉంచితే, ఆవిరి గీతల మీద వాలి తెల్లని, గట్టి పాలిమర్‌గా మారుతుంది. చేత్తో తాకితే చెరిగిపోయే ముద్ర అలా గట్టిపడుతుంది. ఆ తరువాత పొడి అద్దవచ్చు, లేదా బేసిక్ ఎల్లో 40, రోడమిన్ 6జీ వంటి రంగులు పట్టించి కాంతిలో మెరిపించవచ్చు.

ఈ పద్ధతిలో ఆపవలసిన సమయం తెలియడమే అసలు నేర్పు. ఆవిరి ఎక్కువసేపు పడితే గీతల మధ్య ఖాళీలు కూడా తెల్లబడి, ముద్ర మంచులో కప్పుకుపోయినట్టు అవుతుంది. దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. తక్కువైతే మళ్లీ పెట్టవచ్చు. అందుకే పెట్టెలో ఒక మూల పరీక్షార్థం వేసిన ముద్రను ఉంచి, అది తేలగానే ఆపడం మంచి అలవాటు.

టేపు జిగురు వైపు పడిన ముద్రలకు జెన్షియన్ వయొలెట్ వాడతారు. తడి వస్తువులకు మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ కణాలు కలిపిన ద్రవం, రక్తంలో పడిన ముద్రలకు ప్రొటీన్‌ను ముదురు నీలంగా మార్చే అమిడో బ్లాక్ ఉన్నాయి. అమిడో బ్లాక్ రక్తాన్ని ప్రత్యేకంగా గుర్తించదని, పాలైనా గుడ్డు సొనైనా ప్రొటీన్ ఉంటే చాలునని గుర్తుంచుకోవాలి. అది రక్తమేనా అన్నది వేరే పరీక్ష చెప్పాలి. తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగుల సంగతి చెప్పకుండా ఉండలేను. చెమటలోని ఉప్పు ఇత్తడిని అతి స్వల్పంగా తినేస్తుంది. ముద్రను తుడిచేసినా లోహంలో ఆ తుప్పు జాడ మిగిలిపోతుందని ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్ పోలీసు శాఖతో కలిసి పనిచేసిన జాన్ బాండ్ చూపించాడు.

ఈ పద్ధతులన్నీ కలిసినా జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి న్యాయస్థానంలో తరచుగా ఎదురవుతుంది: ఈ ముద్ర ఎప్పుడు పడింది? స్క్వాలీన్ గాలిలో ఆక్సీకరణం చెందుతుంది, తేలికపాటి ఆమ్లాలు ఎగిరిపోతాయి, కాబట్టి మిగిలిన పాళ్లను బట్టి వయసు లెక్కకట్టవచ్చని పరిశోధకులు చాలాకాలంగా ప్రయత్నిస్తున్నారు. కానీ ఎవరి చర్మం మీద మొదట ఎంత జిడ్డు ఉందో, వస్తువు ఎండలో ఉందో, బీరువాలో ఉందో, గాలి ఆడిందో లేదో తెలియనిదే ఆ లెక్క నిలబడదు. నిన్‌హైడ్రిన్‌తో ఊదారంగులో తేలిన ముద్ర దస్తావేజు రాసిన నాటిదా, పదేళ్ల కిందట అదే తెల్ల కాగితాన్ని దుకాణంలో దొంతర నుంచి తీసి ఇచ్చిన వ్యక్తిదా అన్నది ఆ రంగును చూసి చెప్పలేము. ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో దర్యాప్తు అధికారి విడిగా, సాక్ష్యాలతో రాబట్టాలి.